ఎవరూ పెట్టని చురక

రాజాం బస్టాండు వెనక సందులో ఒక పిల్లల ఆసుపత్రి ఉంది. మెట్లెక్కేవాళ్ళ చెవిన ముందుగా పడేది పిల్లల ఏడుపు కాదు, హెడ్ నర్సు లీలారాణి నోటి నుంచి వచ్చే "ఛీ". మెట్ల మూల కిళ్ళీ ఉమ్ము కనిపిస్తే ఛీ. మంచం కింద ఇడ్లీ పొట్లం కాగితం కనిపిస్తే ఛీ. కింద పడ్డ పాలపీకని కొంగుతో తుడిచి మళ్ళీ పిల్ల నోట్లో పెట్టే తల్లికి ఛీ. కొత్త సిరప్పులతో పాటు డాక్టరుగారికి గోడగడియారం మోసుకొచ్చే మందుల కంపెనీ కుర్రాడికి మాత్రం రెండు ఛీలు.

వెనక నుంచి అందరూ ఆవిడని ఛీ సిస్టరనే అంటారు. ఆవిడకీ తెలుసు.

"అననీ. నా నోట్లో ఆ మాట నేకపోతే ఈ బిల్డింగు ఎప్పుడో పందులదొడ్డి అయిపోయీది" అంటుంది.

అందులో అబద్ధం లేదు. అదే సందులో మిగతా ఆసుపత్రులకి వెళ్తే ముక్కు మూసుకుని కూర్చోవాలి. ఇక్కడ ఫినాయిలు వాసన తప్ప మరో వాసన ఉండదు. మరుగుదొడ్డి తలుపు మీద ఆవిడ స్వయంగా రాసి అంటించిన కాగితం ఒకటుంది: "నీళ్ళు పోయనివాళ్ళని పేరు పెట్టి పిలుస్తాను." పిలుస్తుంది కూడా, వార్డు మధ్యలో నిలబడి, అందరూ వినేలా.

ఆవిడ అసహ్యాలన్నిటిలోకీ పెద్దది చురకలు. పసిపిల్ల పాలు కక్కినా, కళ్ళు పచ్చబడినా, జ్వరం తగ్గకపోయినా, పసుపుకొమ్ము దీపానికి కాల్చి బొడ్డు చుట్టూ అద్దించే అలవాటు ఈ ప్రాంతం పల్లెల్లో ఇంకా పోలేదు. చేతిలో ఫోనులుంటాయి, ఇంటి మీద డిష్షులుంటాయి, పిల్ల పొట్ట మీద కాలిన మచ్చలుంటాయి. అలాంటి పిల్లని తెస్తే ఆ రోజు లీలారాణి అరుపులు కింద మందుల షాపు దాకా వినపడతాయి.

ఎందుకంత కోపమో ఎవరికీ తెలియదు. ఆవిడది పొందూరు దగ్గర పల్లె. తండ్రి బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆదివారం ప్రార్థన గుళ్ళో నిలబడి విగ్రహాల మీద, తాయెత్తుల మీద, మూఢనమ్మకాల మీద గొంతు చించుకునేవాడు. లీలారాణి పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒంటికి పాలు పట్టకపోతే, అదే మనిషి సోమవారం తెల్లారకముందే తన తల్లికి పిల్లనిచ్చి చురకలావిడ దగ్గరికి పంపించాడు. పాస్టరుగారి కంట పడకుండా పొలం గట్ల మీదుగా వెళ్ళి రమ్మన్నాడు. బొడ్డు చుట్టూ మూడు మచ్చలు మిగిలాయి. నర్సింగు హాస్టల్లో స్నానాల దగ్గర ఒక పిల్ల వాటిని చూసి, "బాప్టిస్టోల్ల గుంటకి సురకలేటే!" అని పగలబడి నవ్వింది. ఆటలమ్మ మచ్చలని చెప్పింది లీలారాణి. పెళ్ళయ్యాక మొగుడు ఏసురాజుకీ అదే చెప్పింది. ఏసురాజుకి నమ్మడం అలవాటు, గుళ్ళోనూ ఇంట్లోనూ. అంతే, ఆ మచ్చల మాట అక్కడితో పూడిపోయింది.

వానలు తగ్గి వరి పొట్టకొచ్చే రోజుల్లో జ్వరాలు మొదలవుతాయి. ఊరి డాక్టరు మోటారుసైకిలు మీద వచ్చి ముందు గ్లూకోజు సీసా ఎక్కిస్తాడు, తర్వాత అది ఏ జ్వరమా అని ఆలోచిస్తాడు, చివరికి టైఫాయిడ్ అంటాడు. ఈ చుట్టుపక్కల టైఫాయిడ్ రాని మనిషి లేడు. ఏటా వస్తుంది, ఇంటిల్లిపాదికీ వస్తుంది. నెత్తురు చుక్క వేసిన పరీక్ష కార్డు మీద గీత కనపడితే టైఫాయిడ్, కనపడకపోతే "లోపల టైఫాయిడ్". సీసాలన్నీ ఎక్కి, ఇంజెక్షన్లన్నీ అయ్యి, పిల్ల పిలిస్తే పలకడం మానేశాక అప్పుడు రాజాం ఆటో ఎక్కిస్తారు. దీన్ని తల్చుకుంటే లీలారాణికి అన్నం సయించేది కాదు. "ఛీ, మూతికి గుడ్డ కట్టుకున్న దొంగలు నయం. ఆల్లు పగలు రారు" అనేది.

శ్రావణిని తెచ్చింది అలాంటి రోజుల్లోనే, ఒక ఉదయం పూట. తొమ్మిదేళ్ళ పిల్ల. దారిలోనే ఫిట్సు వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని అందులో చూపు లేదు. నాయనమ్మ అసిరమ్మ భుజాల కింద పట్టుకుంది, తల్లి రాజకుమారి కాళ్ళు పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే మెట్లెక్కించారు.

"శ్రావణీ, మీ అమ్మకి సెప్పు, మెట్టుంది సూసుకోమని" అంది అసిరమ్మ, స్పృహ లేని పిల్లతో.

"శ్రావణీ, మీ నాయనమ్మకి సెప్పు, నాకూ కళ్ళున్నాయని" అంది రాజకుమారి.

లీలారాణికి మతి పోయింది. తర్వాత ఆటోవాడు చెప్పాడు సంగతి. అత్తాకోడళ్ళకి ఏడాదిగా మాటల్లేవు. రాజకుమారి పుట్టింటివాళ్ళు నౌపడ నుంచి ఒక మేకపిల్లని పంపితే, అది పెరిగి ఈనే వేళకి, అసిరమ్మ అడక్కుండా అమ్మవారి పండక్కి కోసి మొక్కు తీర్చేసింది. ఆ రోజు నుంచి ఒకే చూరు కింద రెండు పొయ్యిలు. రాజకుమారి మొగుడు మద్రాసులో సెంట్రింగు పనికి పోయాడు. ఇక ఆ ఇంట్లో మాట ఇటు నుంచి అటు పోవాలంటే ఈ గుంటే గతి. "శ్రావణీ, మీ అమ్మని ఉప్పడుగు." "శ్రావణీ, మీ నాయనమ్మకి నేదని సెప్పు." పిల్ల మధ్యలో నిలబడి ఇద్దరి మాటా మోసేది. మిగతా వేళ మేకల వెనక తుప్పల్లో తిరిగేది.

ఇప్పుడా పిల్ల పలకడం లేదు. ఇద్దరికీ మాటలు ఎటు పంపాలో తెలియక దానికే చెబుతున్నారు.

పిల్లల డాక్టరు తిరుమలరావు కుర్రవాడు. విజయనగరం నుంచి రోజూ వచ్చి వెళ్తాడు. పిల్ల మెడ వంచి చూశాడు, కంట్లో లైటు వేశాడు. "మెదడు జ్వరంలా ఉంది. ఏ క్రిమి వల్లో తెలియాలి" అన్నాడు. పక్క మంచం మీద ఇంకో పిల్లాడికి ఆయాసం ఎక్కువగా ఉంది. అటు పరిగెడుతూ లీలారాణికి చెప్పాడు. "ఒళ్ళంతా చూడండి సిస్టర్. దద్దుర్లు గాని, పురుగు కుట్టిన గుర్తు గాని, పుండు మీద కట్టే పెచ్చు లాంటి నల్ల మచ్చ గాని. సంకలు, గజ్జలు, చెవుల వెనక అన్నీ."

లీలారాణి గౌను పైకి తీసింది. బొడ్డు చుట్టూ మూడు చురకలు. పచ్చిగా ఉన్నాయి. పసుపూ బూడిదా కలిపి మెత్తితే, దాని కింద రసి ఊరి, ఈగ వాలి లేచింది.

"ఛీ! ఛీ! మనుసులా మీరు? గుంటకి జొరమొస్తే సురకలెడతారా? అట్లు కాలుస్తన్నామనుకున్నారా?"

అసిరమ్మ గోడకి అతుక్కుపోయింది. రాజకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది.

చెయ్యి ఎత్తితే ఎడమ సంకలో మరొకటి. గుండ్రంగా, నల్లగా, చుట్టూ ఎర్రగా. గురిగింజ కంటే కాస్త పెద్దది.

"ఇక్కడ కూడానా! సంకలో! ఇంకెక్కడెక్కడ కాల్చినారు, సెప్పండి! మిమ్మల్ని కూకోబెట్టి అలాగే కాలిస్తే తెలుస్తాది!"

ఇద్దరినీ నోరు విప్పనిచ్చే అరుపు కాదది. లీలారాణి గౌను కిందికి లాగేసి, చేతులు కడుక్కోవడానికి సింకు దగ్గరికి వెళ్ళిపోయింది. మోచేతుల దాకా సబ్బు పెట్టి రుద్దుకుంది.

"సిస్టర్, ఏమైనా ఉందా?" అని పక్క మంచం దగ్గర నుంచి డాక్టరు అడిగాడు.

"చురకలు తప్ప ఇంకేం లేవు సార్."

తర్వాత ఆయనా వచ్చాడు. పొట్ట మీద ఉన్నవి చూశాడు, నాలుక చప్పరించాడు, గౌను కప్పేశాడు. చెయ్యి ఎత్తి చూడలేదు.

నడుం దగ్గర సూది గుచ్చి వెన్నులో నీరు తీయాలంటే అసిరమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది.

"నడుం నీరు తీత్తే కాళ్ళు పడిపోతాయి బాబూ. మా ఊరిలో ఒకడికి అలాగే అయినాది. సచ్చినా తియ్యనివ్వను."

"పడిపోవమ్మా. ఆ నీరు విశాఖపట్నం పంపిస్తాం. కరోనాలో ముక్కులో పుల్ల పెట్టి చేశారు చూడు, అలాంటి పరీక్షే. ఆ నీటిలో క్రిమి తాలూకు చిన్న ముక్క ఉన్నా చాలు, మెషీను దాన్ని లక్షల ముక్కలుగా పెంచి ఇది ఫలానాదని పట్టేస్తుంది."

అసిరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "ఒకటుంటే లచ్చ సేస్తాదా? ఆ మిసను గుంటని బతికించీదా, సంపీదా?"

"శ్రావణీ, మీ నాయనమ్మని అడ్డు తప్పుకోమను" అంది రాజకుమారి ఏడుస్తూ. "డాక్టరుబాబు సెప్పినట్టు సెయ్యనీమను."

అసిరమ్మ పిల్ల మొహం వైపు కాసేపు చూసింది. తప్పుకుంది.

నీరు తీశారు. గాజుబుడ్డిలో తేటగా, కొబ్బరినీళ్ళలా ఉంది. ఐసు పెట్టిన థర్మకోలు పెట్టెలో దాన్ని కూర్చోబెట్టి, టేపు చుట్టి, విశాఖ బస్సు ఎక్కించారు. వైరసులకో మందు, మామూలు క్రిములకో మందు, రెండూ సెలైన్లో పడుతున్నాయి. పిల్లకి రెండిట్లో దేనికీ చలనం లేదు. ఒళ్ళు పొయ్యి మీద పెనంలా కాలుతోంది. మర్నాడు ఫిట్సు మళ్ళీ వచ్చింది. ఊపిరి తీసుకుంటే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి.

ఆ మధ్యాహ్నమే విశాఖ నుంచి ఫోను. డాక్టరు విని, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఏం లేదట సిస్టర్. ఒక్క వైరసూ దొరకలేదు."

"అంటే క్రిమి లేనట్టేనా సార్?"

"కాదు. ఏయే క్రిములు వెతకాలో మనం రాసిస్తాం, వాటినే వెతుకుతారు. రాయనిది ఆ నీటిలోనే ఈదుతున్నా ఆ మెషీను చెప్పదు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మేకలు కాసే పిల్ల అన్నారు కదా. తుప్పల్లో కంటికి కనపడని పురుగు ఒకటి కుడుతుంది. దాని వల్ల వచ్చే జ్వరం మెదడుకెక్కితే ఇలాగే ఉంటుంది. స్క్రబ్ టైఫస్ అంటారు. కుట్టిన చోట నల్ల పెచ్చు కడుతుంది. అది కనపడి ఉంటే నిన్ననే మందు మొదలెట్టేవాణ్ణి. మీరు ఒళ్ళంతా చూశారు కదా?"

"చూశాను సార్" అంది లీలారాణి.

చూసింది. అబద్ధం కాదు.

పెచ్చు లేదంటే అది కాదేమోనని, ఇక విశాఖ తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఊపిరి మెషీను ఉన్న అంబులెన్సు విజయనగరం నుంచి రావాలి. పిల్ల దారిలో ఉంటుందో పోతుందో డాక్టరు చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. అసిరమ్మ చాప మడుస్తోంది. రాజకుమారి ఫ్లాస్కు కడుగుతోంది.

తన వార్డు నుంచి పిల్ల ఆ మురికితో వెళ్ళడం లీలారాణికి ఇష్టం లేదు. విశాఖలో వాళ్ళు చూసి ఛీ అంటే ఆ ఛీ తనకి తగులుతుంది. గోరువెచ్చటి నీళ్ళూ దూదీ తెచ్చుకుని, ముక్కు బిగబట్టి, పొట్ట మీద మెత్తిన పసుపూ బూడిదా తుడవడం మొదలుపెట్టింది. ఎండిపోయి అట్టకట్టింది. నానబెట్టి నానబెట్టి తీయాల్సి వచ్చింది. దూది పచ్చగా అయిపోయింది. ఒకటి పారేసి మరొకటి, అది పారేసి ఇంకొకటి. తర్వాత చెయ్యి ఎత్తి సంక తుడిచింది.

దూది తెల్లగానే ఉంది.

మళ్ళీ తుడిచింది. పసుపు లేదు, బూడిద లేదు. రసి కూడా లేదు. ఎండిపోయిన నల్లటి పెచ్చు, అంచుల్లో ఎర్ర గీత. చురక పెట్టిన ఏ చెయ్యీ పైన పసుపు రాయకుండా వదలదు. ఈ ఒక్కచోట ఎందుకు వదిలింది?

"ఈ సంకలోది ఎవులెట్టినారు?" అని అడిగింది.

చాప మడిచే చేతులు ఆగిపోయాయి. ఫ్లాస్కు కడిగే చేతులూ ఆగిపోయాయి. ఇద్దరూ నేల చూశారు.

"మిమ్మల్నే. ఎవులు?"

నిన్నటి నుంచి ఈవిడ నోటికి ఆ ఇద్దరూ చచ్చి ఉన్నారు. ఏమన్నా అరుస్తుంది. అవునంటే ఒక అరుపు, కాదంటే రెండు. మాట్లాడకుండా ఉంటే కాసేపటికి చేతులు కడుక్కోవడానికి పోతుంది. అది వాళ్ళు నేర్చుకున్నారు.

"అరవనమ్మా. సెప్పండి."

నమ్మలేదు. ఎలా నమ్ముతారు?

లీలారాణి మంచం చుట్టూ ఉన్న ఆకుపచ్చ తెర లాగింది. తెల్లకోటు గుండీలు విప్పింది. చీర కుచ్చిళ్ళు కాస్త కిందికి నొక్కి, పొట్ట చూపించింది. ఏసురాజుకి కూడా వెలుతురులో చూపించని పొట్ట అది. బొడ్డు చుట్టూ మూడు మచ్చలు, వయసుతో పాటు సాగి, పాలిపోయి, మెరుస్తూ.

"ఇదిగో. సూడండి."

అసిరమ్మ వంగి చూసింది. నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మా! నీకూనా సిస్టరమ్మా! ఎవులెట్టించినారు?"

"మా నాయనమ్మ."

"బాగెట్టించినాది." అసిరమ్మ వేలితో తాకబోయి ఆగింది. "గుండ్రంగా, ఒక్క తీరుగా వొచ్చినాయి. మా ఊరి సురకలావిడకి ఈమధ్య సెయ్యి వణుకుతాది, సక్కగా రానేదు."

లీలారాణికి గొంతు దాకా వచ్చింది ఛీ. అసహ్యం ఒళ్ళంతా పాకింది, ఆ ముసలి వేలు మీద, తన పొట్ట మీద, పొలం గట్ల మీదుగా పంపించిన సంఘపెద్ద మీద. మింగేసింది. చేదుమాత్ర నీళ్ళు లేకుండా మింగినట్టు దిగింది.

"సెప్పు మరి. సంకలోది?"

"బొడ్డు సుట్టూ ఎట్టించింది నానే తల్లీ. తప్పే. జొరం దిగకపోతే మతి పోయి ఎట్టించినాను. సంకలోది మాత్రం నాది కాదు. అది దాని అమ్మమ్మ పని. నౌపడోల్లకి ఎక్కడ కాల్చాలో తెలీదు గదా."

ఏడాదిగా అత్త వైపు తిరగని రాజకుమారి ఒక్క ఊపున తిరిగింది. ఫ్లాస్కు కింద పడి దొర్లింది.

"మాయమ్మా? మాయమ్మ మనింటి గుమ్మం తొక్కి ఏడాదయినాది! నువ్వు మేకని తినేసిన కాడి నించి రానేదు! నువ్వెట్టించి మాయమ్మ మీద తోసేత్తావా?"

"నానెందుకు తోత్తానే? జొరం రాకముందే ఉన్నాది గదా అది! నీల్లోసినప్పుడు ఈ కళ్ళతో సూసినాను! నీ పుట్టింటోల్లు సాటుగా వొచ్చి ఎట్టించిపోనారని, అడిగితే రచ్చవుద్దని, నోరు మూసుకున్నాను!"

"నానూ సూసినాను! నువ్వే ఎట్టించినావని, నీతో నాకు మాటేటని, నానూ నోరు మూసుకున్నాను!"

"మరి గుంటని అడగనేదేటే?"

"నువ్వడిగినావేటి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూస్తూ ఆగిపోయారు. ఆ పిల్ల చేత ఉప్పు అడిగించారు, చింతపండు అడిగించారు, తిట్లు మోయించారు. నీ సంకలో ఇదేటే అని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఒకరి మీద ఒకరికి ఉన్న రోత ఆ మచ్చని కప్పేసింది. మూడో మనిషి రోత నిన్న దాని మీదికి గౌను లాగింది.

"జొరం రాకముందా?" అంది లీలారాణి. "నొప్పని ఏడవనేదా పిల్ల?"

"నేదమ్మా. దురదని కూడా అననేదు."

కాలితే ఏ పిల్ల ఏడవదు? లీలారాణి కోటు గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకుంటూ తెర తోసుకుని వార్డులోకి పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తడం ఆ ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు.

"సార్! ఉందండీ! సంకలో ఉంది! నిన్నే చూశాను. చురకనుకున్నాను."

తిరుమలరావు వచ్చి చెయ్యి ఎత్తి చూశాడు. భూతద్దం కూడా అక్కర్లేకపోయింది. ఆయన లీలారాణిని ఒక్క మాట అనలేదు. "పొట్ట మీదవి చూసి నేనూ మొహం తిప్పుకున్నాను" అన్నాడు, గోడకి చెబుతున్నట్టు. చిన్న పట్టకారుతో పెచ్చు అంచు లేపి, ఊడదీసి, బుడ్డిలో వేశాడు. ముక్కులోంచి వేసిన గొట్టంలో అప్పటికప్పుడే మందు పోయించాడు. రిపోర్టు కోసం ఆగలేదు.

"ఈసారి ఏం వెతకాలో రాసిస్తున్నాం" అన్నాడు. "ఈ పరీక్షకి పెచ్చుని మించింది లేదు. నడుం నీటిలో, నెత్తురులో దొరక్కపోయినా, కుట్టిన చోట పురుగు తెచ్చిన క్రిమి ఉండి తీరాలి."

థర్మకోలు పెట్టె మళ్ళీ విశాఖ బస్సెక్కింది. అంబులెన్సు వచ్చి, కింద పొగ వదులుతూ నిలబడింది. డాక్టరు ఊపిరి లెక్క చూసి, ఇంకాసేపు, ఇంకాసేపు అని దాన్ని ఆపాడు. డ్రైవరు హారను కొడితే లీలారాణి కిటికీలోంచి తల పెట్టి ఆరోజుకి మొదటిసారి గట్టిగా ఛీ అంది. ఊపిరి కాస్త నెమ్మదించాక బండిని వెనక్కి పంపించేశారు.

మర్నాటికి జ్వరం దిగి ఒళ్ళు చల్లబడింది. ఆ మర్నాడు పిల్ల వేళ్ళు దుప్పటిని పట్టుకున్నాయి. విశాఖ నుంచి ఫోను వచ్చేటప్పటికి దాని అవసరం ఎవరికీ లేకపోయింది. అయినా డాక్టరు పెద్దగా చదివాడు. పెచ్చులో దొరికింది. ఆ తుప్పల పురుగు తెచ్చిన క్రిమే.

శ్రావణి కళ్ళు తెరిచేసరికి అత్తాకోడళ్ళు మంచానికి అటూ ఇటూ కూర్చుని కొట్టుకుంటున్నారు.

"గంజి పల్చగా కాయాలే, నీకు తెలీదు."

"నాకు తెలీకే ఇన్నాళ్ళూ పెంచినానా?"

పిల్ల అటొకసారి ఇటొకసారి చూసింది. నుదురు ముడిపడింది.

"ఏటంటన్నారు?" అంది. "నాకు ఇనపడతలేదు. గట్టిగా సెప్పండి."

ఇద్దరూ ఆగారు. అసిరమ్మ చెవి దగ్గర చిటిక వేసింది. పిల్ల తిరగలేదు.

ఈ జ్వరంలో చెవులు మొద్దుబారడం ఉంటుందన్నాడు తిరుమలరావు. చాలామందికి మెల్లగా తిరిగొస్తుంది. కొందరికి పూర్తిగా రాదు. బతికింది, అది చాలు.

లీలారాణి ఆయన వెంటే మెట్ల దాకా నడిచింది.

"మొదటిరోజే మందు పడుంటే చెవులు బాగుండేవా సార్?"

"అది చెప్పలేం సిస్టర్."

"చెప్పొచ్చు సార్" అంది లీలారాణి. "మీరు చెప్పట్లేదంతే."

డిశ్చార్జి రోజున ఆసుపత్రి ఓనరు వచ్చాడు. రాజాంలో బియ్యం వ్యాపారం చేసి ఈ బిల్డింగు కట్టినవాడు, ఏ రోజూ వార్డులోకి తొంగిచూడనివాడు. పూలగుత్తి తెచ్చి, పిల్ల చేతిలో పెట్టి, అందరినీ వరసగా నిలబెట్టి ఫోటో తీయించాడు. వారం తిరక్కుండా సందు మొగలో ఫ్లెక్సీ వెలిసింది. "అంతుచిక్కని మెదడు జ్వరం, అత్యాధునిక మాలిక్యులర్ పరీక్షతో మా ఆసుపత్రిలో గుర్తింపు." అందులో ఓనరు నవ్వుతున్నాడు. డాక్టరు ఇబ్బందిగా ఉన్నాడు. చివర లీలారాణి నోరు వంకరగా, పళ్ళు కనపడేలా ఉంది. ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు. ఆవిడ సరిగ్గా అప్పుడే ఛీ అంది.

సంక్రాంతి వెళ్ళాక చెవుల పరీక్షకి తెచ్చారు. కుడిచెవి తిరిగొచ్చింది, ఎడమది రాలేదు. అసిరమ్మా రాజకుమారీ పిల్లకి చెరోవైపు నడుస్తూ వచ్చారు. మెట్ల మీదే తగువు.

"కుడిపక్క నాను నడుత్తానే, నువ్వు ఎడమపక్కకి పో."

"కుడి సెవిలో నువ్వేటి ఎక్కిస్తావో నాకు తెలవాలి గదా! నానే ఇటుంటాను!"

మధ్యలో శ్రావణి ఎవరి మాటా మోయడం లేదు. జామకాయ కొరుక్కుంటూ, తనకి కావలసినప్పుడు తల తిప్పుకుంటోంది.

ఇప్పుడు ఆ వార్డులో జ్వరంతో ఏ పిల్ల వచ్చినా లీలారాణి ముందు తెర లాగుతుంది. సంకలు, గజ్జలు, చెవుల వెనక, తల వెంట్రుకల్లో, మొలతాడు కింద. తల్లులు సిగ్గుపడతారు, కొందరు తిడతారు. "ఏటమ్మా అలా ఎతుకుతావు, దొంగసొత్తేటైనా దాసినామా?" అంటారు. చురకలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. మానలేదు ఎవరూ. మొన్నటికి మొన్న, కళ్ళు కూడా సరిగా తెరవని పసిగుడ్డు పొట్ట మీద పచ్చివి, పసుపుతో సహా. తల్లి అప్పటికే తల వంచుకుని, తిట్టు కోసం కాచుకుని ఉంది.

లీలారాణి దవడలు బిగుసుకున్నాయి. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"ఇది ఎవులెట్టినారమ్మా?" అని అడిగింది. మెల్లగానే అడిగింది. "ఇది? మరిది?"

అన్నీ విన్నాక, చెయ్యెత్తి సంకలు చూశాక, గౌను సర్ది, దుప్పటి కప్పి, సింకు దగ్గరికి వెళ్ళింది. కొళాయి పూర్తిగా తిప్పి, నీళ్ళ చప్పుడులో ఎవరికీ వినపడకుండా, అంతసేపూ నోట్లో ఆపుకున్నది అక్కడ ఉమ్మేసింది.

"ఛీ."